బాస్కువ్యాకరణబోధయందుఁ జిత్రసాధనములు

భాషను నేర్పుటకుఁ జిత్రముల నుపయోగించుట క్రొత్తవిషయము కాదు. మొరావియాదేశీయుఁడగు కొమేనియసు పండితుఁడు 1658లో న్యూరెంబర్గునందుఁ బ్రకటించిన సచిత్రపాఠ్యగ్రంథము ఐరోపాఖండమునఁ జిరకాలము బాలురకు లాటిను నేర్పినది. అందుఁ జిత్రములోని వస్తువులకు సంఖ్యలు గలవు; ప్రక్కనున్న వాక్యములలోని పదములకును ఆ సంఖ్యలే గలవు. బాలుఁడు గుఱ్ఱమును జూచి గుఱ్ఱమను పదమును గ్రహించును. కాని గుఱ్ఱముచేత, గుఱ్ఱమునకు, గుఱ్ఱమునందు అను విభక్తులు చిత్రమున నెక్కడ నున్నవి? వస్తువు కంటికిఁ గనఁబడును, సంబంధము కనఁబడదు. వ్యాకరణమన్ననో సంబంధముల శాస్త్రము. కావున వ్యాకరణమును జిత్రములచే బోధింపవచ్చునా, వచ్చునేని యెట్టి చిత్రములచే ననునది విచారింపఁదగిన ప్రశ్న.

ఈ ప్రశ్నకు బాస్కుభాష మంచి యొరగల్లు. ఆ భాషయందు సంబంధములన్నియుఁ బ్రత్యయములయందును సహాయక్రియయందును నిమిడియుండును. మఱియు నేఁడా భాషను వేలకొలఁది వయోజనులు నేర్చుకొనుచున్నారు. ఈ వ్యాసమున బాస్కుమాటలను ఉచ్చారణ ననుసరించి తెలుఁగులిపిలో వ్రాసితిని. ఎ, ఒ లను హ్రస్వములుగాఁ జదువవలెను.

1. భాషయు నభ్యాసకులును

బాస్కుభాష పిరెనీసుపర్వతముల పడమటికొనను, స్పెయిను ఫ్రాన్సుదేశముల సరిహద్దున కిరువైపులను వ్యవహారమున నున్నది. ఆ భాషకు స్వదేశనామము ఎవుస్కర. దానికి జ్ఞాతిభాష యొక్కటియు నిర్ధారితము కాలేదు. అందు మొట్టమొదట నచ్చయిన గ్రంథము 1545 నాఁటిది. ఈ భాష నియమములకు లొంగదను నపవాదము పూర్వముండెను. దానిని ఖండించుచు లర్రమెందియను జెసూటుపండితుఁడు 1729లోఁ దన వ్యాకరణమునకు ‘అసాధ్యము జయింపఁబడెను’ అను నర్థమిచ్చు పేరు పెట్టెను.

ఫ్రాంకో స్పెయినునకు నియంతగా నున్న 1939–1975 సంవత్సరముల నడుమ బాస్కుభాష పాఠశాలలనుండియు రాజకీయవ్యవహారమునుండియుఁ దొలఁగింపఁబడెను. ఆ కాలమునఁ బెరిగిన తరములలో ననేకులకుఁ దమ పెద్దల భాష రాలేదు. 1968లో బాస్కుభాషాపరిషత్తు అరంచసు సభయందు వివిధమాండలికములకు సమానమగు లిఖితరూపమునకుఁ బునాది వేసెను. 1979 నాఁటి స్వపరిపాలనశాసనము స్పెయినులోని బాస్కుప్రాంతమునందు దీనికి స్పానిషుతోపా టధికారభాషాస్థానము నిచ్చెను. వయోజనబోధను బర్యవేక్షించు హబె యను సంస్థ 1983 నాఁటి చట్టముచే స్థిరపడెను. పెద్దలకు భాష నేర్పు పాఠశాలలకు ఎవుస్కల్తెగి యని పేరు. ఆ ప్రాంతమునఁ బదునాఱేండ్లు పైఁబడినవారిలో బాస్కు మాటలాడఁగలవారు 1991లో నూటికి 24 మందియుండఁగా 2021లో నూటికి 36 మందియైరి. ఇందు బాలపాఠశాలలదే ప్రధానభాగమైనను వయోజనుల కృషియుఁ దక్కువది కాదు.

బాస్కువాఁడనుటకు ఆ భాషలో ఎవుస్కల్దున్ అందురు. ‘బాస్కుభాష గలవాఁడు’ అని దాని యర్థము. జాతిని భాషచేతనే పేర్కొను జనులయందుఁ బెద్దవాఁడై భాష నేర్చుట వట్టి విద్యావినోదము కాదు. తన వారిలోఁ దాను జేరుట. అట్టి యభ్యాసకుఁడు వ్యాకరణపుఁబట్టికల కడ నలసి నిలిచిపోయెనేని నష్టము వాని కొక్కనికేగాక వాని యింటఁ బుట్టబోవు బిడ్డలకును గలదు.

2. పట్టికల సంప్రదాయము

బాస్కుక్రియను గంటికిఁ జూపు ప్రయత్నములలోఁ బ్రసిద్ధమైనది నెపోలియను చక్రవర్తి సోదరపుత్రుఁడగు లూయీ లూసియెన్ బొనపార్తు చేసినది. 1869లోఁ బ్రకటితమైన యాతని గ్రంథము పేరే ‘పట్టికలయందు బాస్కుక్రియ’. అది మాండలికములఁ బోల్చి చూచు పండితుల కుపకరించు మహాకార్యము. కాని పండితునకు నిధియైనది విద్యార్థికి బరువు కావచ్చును.

నేఁటి పాఠశాలలలోని గోడపట్టికలకు నొర్, నొరి, నొర్క్ అని శీర్షికలు. నొర్ అనఁగా ‘ఎవరు’, నొరి యనఁగా ‘ఎవరికి’, నొర్క్ అనఁగా ‘చేసినవారెవరు’. మన పంతుళ్లు ‘ఎవఁడు, ఎవనిని, ఎవనికి’ అని ప్రశ్నించి విభక్తులను రాఁబట్టునట్లే వారును బ్రశ్నపదములతోనే విభక్తులకుఁ బేళ్లు పెట్టిరి. ఈ పేళ్లు మంచివి. ఐనను నొర్-నొరి-నొర్క్ అను మాట వారిలోఁ గష్టమునకుఁ బర్యాయపదమైనది.

ఇచ్చుట మొదలగు క్రియలలో ఇచ్చువాఁడు, పుచ్చుకొనువాఁడు, ఇచ్చిన వస్తువు అను మూఁడును సహాయక్రియయందే చెప్పఁబడును. చనవున వాడు ఏకవచనరూపమును విడిచి యాఱుగురు కర్తలు, ఆఱుగురు గ్రహీతలు, వస్తువునకు రెండు వచనములు గొన్నచో 72 గడులు. ‘నేను నాకు’, ‘మీరు మీకు’ వంటివి తీసివేయఁగా నొక్క వర్తమానముననే 56 రూపములు మిగులును. శబ్దమంజరిని బాల్యముననే వల్లించిన మన పండితులకు ఇది గొప్పసంఖ్యగాఁ దోఁపదు. కాని పగలెల్లఁ బనిచేసి సాయంకాలము రెండుగంటలు చదువు గృహస్థునకుఁ దోఁచును. అంతకంటె ముఖ్యమేమనఁగా పట్టిక రూపమును జూపునేకాని దాని నెప్పుడు వాడవలయునో చూపదు.

3. క్-చిహ్నము

తెలుఁగున ‘మనుష్యుఁడు వచ్చెను’, ‘మనుష్యుఁడు ఎలుగుబంటిని జూచెను’ అను రెండువాక్యములయందును గర్త కొకటే రూపము; కర్మకు ‘ను’ చేరును. బాస్కున నిందుకు విపర్యయము. ‘గిసొన ఎతొర్రి ద’ యనఁగా మనుష్యుఁడు వచ్చెను. ‘గిసొనక్ హర్త్స ఇకుసి దు’ అనఁగా మనుష్యుఁడు ఎలుగుబంటిని జూచెను. అకర్మకక్రియకుఁ గర్తయైన గిసొన యనునదియు సకర్మకక్రియకుఁ గర్మయైన హర్త్స యనునదియుఁ జిహ్నము లేనివి. సకర్మకక్రియకుఁ గర్తయైనప్పుడే క్ చేరును. హిందీ నేర్చిన తెలుఁగువారు ‘రామ్ నే ఫల్ ఖాయా’ యనుచోటి ‘నే’ తోఁ బడిన శ్రమను స్మరించుకొన్నచో నిది కొంత బోధపడును. భేదమేమనఁగా హిందీ ‘నే’ కొన్ని కాలములకే పరిమితము. బాస్కు క్ అన్ని కాలములయందును వచ్చును. స్పానిషు ఫ్రెంచి భాషలలో నిట్టిది లేదు. కావున నాయా భాషలు మాతృభాషలుగాఁ గల యభ్యాసకులు క్ ను దఱచుగా విడిచివేయుదురు.

దీనికిఁ జిత్రము వ్రాయఁబూనిన ఉపాధ్యాయుఁడు సామాన్యముగా మనుష్యుఁడు పండు తినుచున్నట్లు వ్రాయును. ఆ చిత్రము వ్యర్థము. ఏలయన, మనుష్యుఁడు పండును దినునుగాని పండు మనుష్యుని దినదు. క్ ఉన్నను లేకున్నను నర్థము స్పష్టమే. అక్కఱలేని చిహ్నమును మనస్సు గమనింపదు. మన భాషయే యిందుకు సాక్షి. ‘రాముఁడు పండు తినెను’ అని జడమునకు ‘ను’ లేకయే చెప్పుదుము. ‘రాముఁడు రావణుఁ జంపెను’ అనుచో ద్వితీయ తప్పదు. లోకజ్ఞానమే కర్తృకర్మలను నిర్ణయించుచోట భాష చిహ్నమును విడువఁగలదు, అభ్యాసకుఁడును విడుచును.

కావునఁ జిత్రమున నున్న యిరువురిలో నెవరైనను గర్త కాఁదగినవారై యుండవలెను. రెండు చిత్రములు గావలయును. మొదటిదానియందు మనుష్యుఁడు చెట్టుచాటునుండి యెలుగుబంటిని జూచుచుండును, ఎలుగుబంటి యెఱుఁగదు. రెండవదానియందు ఎలుగుబంటి పొదచాటునుండి మనుష్యునిఁ జూచుచుండును. ఇప్పుడు వాక్యములు వినిపింపవలెను:

గిసొనక్ హర్త్స ఇకుసి దు.
గిసొన హర్త్సక్ ఇకుసి దు.

పదక్రమ మొకటే, కదలినది క్ ఒక్కటియే. అభ్యాసకుఁడు వాక్యమును విని రెండింటిలో నొకచిత్రమును వ్రేలితోఁ జూపవలయును. క్ ను వినక చూపుట కవకాశము లేదు. అమెరికాపండితుఁడు బిల్ వాన్‌పాటెన్ చిరకాలముగాఁ జెప్పుచున్న సిద్ధాంతమునకు నిది యనుగుణము. అన్యభాష నభ్యసించువారు మొదట వినఁబడిన నామమునే కర్తగా గ్రహింతురనియు, లోకజ్ఞానముచే నర్థము తెలిసినచోటఁ బ్రత్యయములను గమనింపరనియు నాతఁడు చూపెను. కావుననే ప్రత్యయము నాధారముగాఁ గొనక యర్థము తెలియని యభ్యాసములను గూర్పవలయునని యాతని మతము.

4. వచనభేదమును సంశయవాక్యమును

క్ తోఁ గలిగెడు చిక్కు ఇంతతోఁ దీఱదు. గిసొనక్ అను రూపమునకు ‘చేసిన మనుష్యుఁడు’ అనియు ‘మనుష్యులు’ అనియు రెండర్థములు గలవు. బహువచనమునఁ జేసినవారైనచో గిసొనెక్ అగును. దీనిని జూపుటకు నాలుగు గడుల చిత్రము చాలును: ఒక్కఁడు ఒక్కదానిని, ఒక్కఁడు పెక్కింటిని, పలువు రొక్కదానిని, పలువురు పెక్కింటిని జూచుట.

గిసొనక్ హర్త్స ఇకుసి దు.
గిసొనక్ హర్త్సక్ ఇకుసి దితు.
గిసొనెక్ హర్త్స ఇకుసి దుతె.
గిసొనెక్ హర్త్సక్ ఇకుసి దితుస్తె.

దు, దితు, దుతె, దితుస్తె అను నాలుగు సహాయక్రియలు నాలుగు గడులకు సరిపోయినవి. ఇత్ అను నంశము చూడఁబడినవి యనేకములనియు, చివరి తె చూచినవారు పలువురనియుఁ దెలుపునని యభ్యాసకుఁడు తానే కనిపెట్టఁగలఁడు. పట్టికలోని నాలుగు గడులే యివియు. కాని యిందు గడియందు రూపమునకు బదులు సంఘటన యున్నది.

రెండవవాక్యమున నొక విశేషము గలదు. గిసొనక్, హర్త్సక్ అను రెండును ఒకేరీతి నంతమగుచున్నవి. దితు అనునది ‘చేసినవాఁ డొక్కఁడు, కర్మ పెక్కులు’ అని చెప్పునేకాని చేసినవాఁ డెవఁడో చెప్పదు. కావున నీ వాక్యమునకు ‘మనుష్యుఁ డెలుగుబంట్లను జూచెను’ అనియు ‘మనుష్యులను ఎలుగుబంటి చూచెను’ అనియు రెండర్థములు పొసఁగును. ఈ యొక్క వాక్యమును జెప్పి రెండు చిత్రములను జూపి ‘ఏది సరి?’ యని యడుగవలెను. రెండును సరియే యని తెలిసికొన్నవాఁడు క్ యొక్క రెండు వ్యాపారములను మఱల మఱవఁడు. సూత్రమును బదిమాఱులు చెప్పినను నింత దృఢముగా నాటుకొనుట దుర్లభము.

5. మువ్వురుగల క్రియ

ఇచ్చుటకు నిజమగు పండ్లనే చేతికిచ్చుట మేలు. సగర్ర యనఁగా సీమరేఁగుపండు; బాస్కుదేశమున నా పండ్ల రసముతోఁ జేయు పానీయము ప్రసిద్ధము కావున నది వారికిఁ బరిచితవస్తువు.

నిక్ సురి సగర్ర ఎమన్ దిసుత్: నేను నీకుఁ బండు నిచ్చితిని.
నిక్ సురి సగర్రక్ ఎమన్ దిస్కిసుత్: నేను నీకుఁ బండ్ల నిచ్చితిని.
నిక్ హరి సగర్ర ఎమన్ దియొత్: నేను వానికిఁ బండు నిచ్చితిని.

దిస్కిసుత్ అనుదానిని విడఁదీసిన ది-స్కి-సు-త్ అగును. ది యనునది మూలము. స్కి వస్తుబహుత్వమును, సు గ్రహీతను, త్ దాతను దెలుపును. తెలుఁగున ‘ఇచ్చితిని’ యనుచో ‘ని’ దాతను మాత్రమే తెలుపును. బాస్కు మఱి యిద్దఱిని గూడ నా పదముననే చేర్చినది. అందుచే నిక్, సురి అనువానిని విడిచినను వాక్యము పూర్ణార్థమే.

ఇందు రంగుల యుపయోగము గలదు. నిక్ అను పదమును త్ అను నంశమును నెఱ్ఱగాను, సురి యనుదానిని సు అనుదానిని నీలముగాను, సగర్రక్ లోని బహువచనప్రత్యయమును స్కి యనుదానిని బచ్చగాను వ్రాసినచో క్రియ వాక్యములోని పదముల నెట్లు ప్రతిధ్వనించుచున్నదో కన్నులకుఁ గట్టును. కాలెబ్ గాటెన్యో యను విద్యావేత్త లెక్కలు నేర్పుటకై యేర్పడిన రంగుకడ్డీలను భాషాబోధకుఁ దెచ్చినది ఇట్టి యాశయముతోనే. అట్టముక్కలమీఁద నంశములను వ్రాసి కూర్పించుట మఱియు మేలు. మూలమొకటి, స్కి యొకటి, గ్రహీత కాఱు, దాత కాఱు—వెరసి పదునాలుగు ముక్కలలోపల 56 రూపములును నిమిడియున్నవి. దాత ప్రథమపురుషైకవచనమైనచో ముక్క యక్కఱలేదు. ఆ ఖాళీయే చిహ్నము. ‘నాకు’ అను నర్థము గల త్ పదాంతమున దిత్ అని నిలిచి, వెనుక మఱియొక యంశము చేరినప్పుడు దిదసు అనుచో వలె ద యగును. ఇట్టి వికారములు కొలఁదియే. 56 రూపములను గంఠస్థము చేసినవానికంటె పదునాలుగు ముక్కలను గూర్ప నేర్చినవాఁడు దూరము పోఁగలఁడు.

ఇచట నొకహెచ్చరిక యవసరము. ఐరోపీయపురుషులలోఁ బండ్రెండుగురి కొకనికి సుమారుగా నెఱుపుపచ్చల భేదము సరిగాఁ దెలియదు. కావున రంగుతోపాటు ఆకారభేదము గూడ నుంచవలెను: దాతకుఁ జతురము, గ్రహీతకు వృత్తము, వస్తువునకుఁ ద్రికోణము.

స్కి యను నీ గుర్తు మఱియొకచోటను గనఁబడును. ‘సగర్ర గుస్తత్సెన్ సైత్’ అనఁగా నాకుఁ బండు నచ్చును, పండ్లైనచో సైస్కిత్. ‘నాకు నచ్చును’ అనుకొను తెలుఁగువారికి నీ ప్రయోగము సుకరము. స్పానిషువారికిని నట్టి ప్రయోగమే కలదు. ‘నేను బ్రేమించుచున్నాను’ అను తీరున సామాన్యముగాఁ జెప్పు ఫ్రెంచివారి కది క్రొత్త. ఒకే తరగతికి నొకే చిత్రము చాలదనుట కిది తార్కాణము.

6. స్థలవిభక్తులు

చిత్రమునకు మిక్కిలి సులువుగా లొంగునవి స్థలవిభక్తులు. మెంది యనఁగాఁ గొండ. మెందియన్, కొండయందు, మెందిర, కొండకు, మెందితిక్, కొండనుండి, మెందిరన్‌త్స్, కొండవైపు, మెందిరైనొ, కొండవఱకు. ఒక కొండను, ఒక బాటను, బాణపుగుర్తును వ్రాసిన నివి తేటపడును. వైపునకుఁ బోవు బాణము కొండ నంటరాదు. ‘కొండకు’, ‘కొండవఱకు’ అనువాని భేదమును మాత్రము బాణము చెప్పలేదు. రెండును గొండ నంటును. ‘వఱకు’ అనుచో నక్కడ ప్రయాణము ముగిసినదని చూపుటకు ఆవలిబాటను గూడ వ్రాసి శూన్యముగా విడువవలెను.

కొండకు బదులు మనుష్యునిఁ బెట్టిన వేఱురూపము కావలయును: గిసొనరెన్‌గన, మనుష్యునియొద్దకు. ‘కొండకుఁ బోయెను’, ‘గురువునొద్దకుఁ బోయెను’ అను మన ప్రయోగములయందు నిట్టి భేదమే యున్నది. ఒకే చిత్రమునఁ గొండను దీసి మనుష్యుని నతికించి చూపుట యుపాధ్యాయుని కొక నిమిషపుఁ బని.

7. చిత్రమునకు లొంగనివి

హౌ, హొరి, హుర అను మూఁడు నిర్దేశకములు గలవు: వక్తకు సమీపమున నున్నది, శ్రోతకు సమీపమున నున్నది, ఇరువురకును దూరమున నున్నది. మనకు ‘ఇది’, ‘అది’ రెండే. గోడపటమున శ్రోత యెక్కడ? పటమును జూచువాఁడా, పటములోనివాఁడా? ఇచటఁ బటముకంటె గదియే మేలు. వస్తువులను బల్లలపై నుంచి యిరువురు మాటలాడవలెను.

చనవున వాడు సంభాషణరూపము లింకను జిత్రమైనవి. వాక్యముతో సంబంధము లేకున్నను శ్రోత పురుషుఁడో స్త్రీయో క్రియయందుఁ జెప్పఁబడును. ‘వాఁడు వచ్చెను’ అనుటకు సామాన్యముగా ‘ఎతొర్రి ద’. చనవుగల పురుషునితోనైనచో ‘ఎతొర్రి దుక్’, స్త్రీతోనైనచో ‘ఎతొర్రి దున్’. మనము ‘వచ్చినాఁడురా’, ‘వచ్చినాఁడే’ యని క్రియకు వెలుపలఁ జేర్చుదానిని వారు లోపలనే నిలిపిరి. దీనికిఁ జిత్రము వ్రాయువాఁడు వచ్చినవానిఁగాక వినుచున్నవానిని వ్రాయవలెను.

లేకపోవుటకుఁ జిత్రము లేదు. ఐనను నిషేధము చేయు పదక్రమవికారమును జీట్లతోఁ జూపవచ్చును. ‘ఎతొర్రి ద’ యని రెండు చీట్లుంచి, ‘ఎస్’ అను నిషేధపుఁజీటిని ముందుఁ బెట్టఁగానే ‘ద’ లేచి దాని వెంటఁ బోవలెను: ‘ఎస్ ద ఎతొర్రి’. ఇచట దృశ్యసాధనము బొమ్మ కాదు, కదలిక.

8. పూర్వపక్షము, సమాధానము

బొమ్మలు బాలురకుఁ దగునుగాని వివేకవంతులగు పెద్దలకు సూత్రమే చాలునని కొందఱాక్షేపింతురు. సూత్రము వలదని యెవరును జెప్పలేదు. క్ యొక్క సూత్రమును నిమిషమునఁ జెప్పవచ్చును. పెద్దవాఁడు నిమిషముననే గ్రహించును. కాని సంభాషణయందు సూత్రమును దలంచుకొనుటకు వ్యవధి యుండదు. తెలిసికొనుట వేఱు, నోటికి వచ్చుట వేఱు. మఱియు సూత్రమును స్పానిషునఁ జెప్పి, వాక్యమును స్పానిషులోనికి మార్చి చూచుకొను నభ్యాసకుఁ డెల్లప్పుడును రెండుభాషల నడుమఁ దిరుగుచునే యుండును. చిత్రము అర్థమును నేరుగా నిచ్చును. సూత్రము లేని చిత్రము ఊహకుఁ దావిచ్చును; చిత్రము లేని సూత్రము వాడుకకు రాదు. మొదట సంఘటన, పిదప సూత్రము, చివరఁ బట్టిక—ఇది క్రమము. అట్లు వచ్చిన పట్టిక అభ్యాసకుఁడు తాను గూర్చుకొన్న సంగ్రహము. మొదటనే వచ్చిన పట్టిక పరులు మోపిన మూట.

ఇంకొక నియమము గలదు. సాధనమును గ్రమముగాఁ దీసివేయవలెను. మొదట రంగులను, పిదప బాణపుగుర్తులను, తుదకుఁ జిత్రమునే తొలఁగించి, వినికిడిమాత్రముననే యర్థము తెలియునో లేదో చూడవలెను. పటము గోడనున్నంతవఱకే క్ పలికెడివాఁ డింకను భాషను నేర్వలేదు.

తెలుఁగును అన్యభాషీయులగు పెద్దలకు బోధించు పండితులకును నీ విచార ముపకరింపవచ్చును. మన ద్వితీయ యెచ్చటఁ దప్పనిసరి, యెచ్చట వైకల్పికము, ‘కు’ ఎచ్చట, ‘ఒద్దకు’ ఎచ్చట నను విషయములకుఁ బైఁ జెప్పినట్టి జంటచిత్రములను గల్పించి పరీక్షించి, ఫలితములను బ్రకటింతురేని భాషాబోధకు మేలు చేసినవారగుదురు.